ఎర్ర చుక్క దాటొద్దు

పుంగనూరు
2-2-2025, ఆదివారం

అమ్మా ప్రియా,

నువ్వూ అల్లుడు చేతనూ చల్లగా ఉండాలి. స్పీకరు పెట్టెలు రెండూ, ఆంప్లిఫయరూ రేపు టమోటా బండిలో కుప్పం వస్తాయి. డ్రైవరు వెంకటముని మనవాడే. పలమనేరులో టీకి ఆగితే బండిని నీడలో పెట్టమని చెప్పాను. దించేటప్పుడు నువ్వు దగ్గరుండు. మోసేవాళ్లకు పట్టు దొరక్కపోతే ముందు స్పీకరు జాలీ మీదే చెయ్యి వేస్తారు.

ఉన్నట్టుండి పెట్టెలు ఎందుకిస్తున్నానని ఫోనులో అడిగావట. నాకు సరిగా అందలేదు, మీ చిన్నమ్మ చెప్పింది. ఈ కాలం ఫోన్లకు శనగగింజంత స్పీకరు పెడతారు. మనిషి గొంతు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు వస్తుంది. అందుకని ఇకమీదట ఉత్తరం రాయి. కాగితానికి గరగర ఉండదు.

ఇక ఎందుకిస్తున్నానంటే, అవి నా చేత్తో చేసి ముప్పైనాలుగేళ్లయింది. ఈ మధ్య వాటిలో మునుపటి మెరుపు లేదు. తాళాల గలగల మూటకట్టి ఇచ్చినట్టు వస్తోంది. వాడని పెట్టెలు మూగబోతాయంటారు. మీ చిన్నమ్మకు టీవీ చాలు. నువ్వైతే పాట వింటావు. పైగా నా దగ్గర సౌండు నేర్చుకున్నదానివి నువ్వొక్కదానివే. ఎనిమిదో తరగతిలో నిన్ను జాతర మైదానం అవతలి కొసన నిలబెట్టేవాణ్ణి, గుర్తుందా? మాట స్పష్టంగా అందితే కుడి చెయ్యి, మోత ఎక్కువైతే రెండు చేతులూ. నీ చెయ్యి చూసే నేను నాబ్ తిప్పేది.

ఇప్పుడు అసలు సంగతి. ముందు ప్లేయరు వెయ్యి, చివర ఆంప్లిఫయరు. ఆపేటప్పుడు ముందు ఆంప్లిఫయరే ఆపు. లేకుంటే ధబ్బుమని దెబ్బ స్పీకరు గుండెకు తగులుతుంది. పైనుండే చిన్న గిన్నె ట్వీటరు, ‘స’కారాలూ తాళాలూ గజ్జెలూ దాని పని. అది సుకుమారం. అందుకని ప్రతి పెట్టె వెనకా దానికొక గాజు ఫ్యూజు వేశాను. భారం ఎక్కువైతే ముందు ఫ్యూజు తెగుతుంది, ట్వీటరు బతుకుతుంది. వాల్యూం నాబ్ మీద ఎర్ర చుక్క ఉంటుంది, పక్కింటి రోజా గోళ్ల రంగుతో పెట్టాను. ఆ చుక్క దాటొద్దు. అల్లుడికి కూడా చెప్పు.

చేరగానే రాయి.

నీ చిన్నాయన
దేవరాజులు

*

కుప్పం
16-2-2025

చిన్నాయనా,

నీకూ చిన్నమ్మకూ దండాలు. పెట్టెలు క్షేమంగా దిగాయి. వెంకటముని వాటిని సొంత అత్తామామల్ని దించినట్టు దించాడు. వాటి చుట్టూ రెండు టమోటా బుట్టలు ఎక్కువే వచ్చాయి, వారం నుంచి ఇంట్లో టమోటా పప్పు, టమోటా ఊరుబిండి, టమోటా చారు.

ముందుగది గోడకు జానెడు ఎడంగా పెట్టాను. మూలకు నెడితే బుంబుంమంటుందని నువ్వు చెప్పినది మరిచిపోలేదు. గుడుపల్లెలో బడి అయ్యాక ఐదున్నరకు ఇల్లు చేరి, కాఫీ పెట్టుకుని కాసేపు పాటలు వింటాను. మెరుపు తగ్గిందన్నావు. నాకైతే తాళాలు గదిలో రాలుతున్నట్టే ఉన్నాయి. వీణ తీగ మీద గోరు రాసుకోవడం కూడా వినబడింది. ఇల్లు మారినందుకు సంతోషపడ్డాయేమో.

ఒక మాట అడగాలి. మార్చి తొమ్మిదిన మా ఆడపడుచు సుష్మ నిశ్చితార్థం మా మిద్దె మీదే. చేతన్ రోజూ రైల్లో బెంగళూరు వెళ్తాడు కదా, ఆ రైలు స్నేహితులంతా వస్తారట. ఈ పెట్టెలు పైకెక్కించి గట్టిగా పెడదామంటున్నాడు. నువ్వు ఒప్పుకుంటేనే. ఎంతవరకు పెంచవచ్చో రాయి.

ప్రియ

*

పుంగనూరు
24-2-2025

అమ్మా ప్రియా,

ఒప్పుకోను. అడిగి మంచిపని చేశావు.

అవి గది పెట్టెలు. నాలుగు గోడల మధ్య పాడతాయి. మిద్దె మీద ఆకాశం తప్ప గోడ లేదు, ఎంత పెంచినా చాలదనిపిస్తుంది. చాలదని చుక్క దాటిస్తారు. అక్కడే మొదలవుతుంది చేటు. అల్లుడు అనుకుంటాడు, చిన్న ఆంప్లిఫయరే కదా, దీనితో స్పీకరేం పోతుందని. అందరూ చేసే పొరపాటు అదే. పెద్ద ఆంప్లిఫయరు నిదానంగా పాడితే ఏమీ కాదు. చిన్నదాన్ని శక్తికి మించి పాడమంటే గొంతు చించుకుంటుంది. ఆ చిరిగిన శబ్దమే ట్వీటరును మాడుస్తుంది.

నాకు ఇది పుస్తకం చెప్పలేదు. పెళ్లైన కొత్తలో గుర్రంకొండలో ఒక పెళ్లికి మైక్ సెట్టు కట్టాను. పెళ్లికొడుకు మామ వచ్చి ‘పెంచప్పా, ఇంగా పెంచు, కోట మీదికి ఇనపడల్ల’ అన్నాడు. పెంచాను. కోట మీదికి వినబడిందో లేదో గానీ రెండు హారన్ల యూనిట్లు మాడి కమురు వాసన పందిట్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి నాకు వాసన అక్కర్లేదు. శబ్దం అంచు చిరగడం మొదలైతే చెవి ముందే చెప్తుంది. పుంగనూరులో ఇప్పటికీ నలుగురు ఆంప్లిఫయరు పట్టుకుని నా గుమ్మం తొక్కుతున్నారంటే ఈ చెవి కోసమే. మీటరు ఎవడైనా కొంటాడు.

మిద్దెకు బాడుగ పెట్టెలు తెచ్చుకోండి. మార్చి ఇరవైమూడో తేదీ ఆదివారం నేనే వస్తాను, ఒకసారి పెట్టెలు చూసినట్టుంటుంది.

మీ చిన్నమ్మ ఈ మధ్య గొణుగుతోంది. వంటింట్లోంచి ఏదో అంటుంది, సగం మింగేస్తుంది. ‘కాస్త గట్టిగా చెప్పు రత్నా’ అంటే ‘యాల అట్లా అరుస్తాండావు, నేనేమన్నా సెవిటిదాన్నా’ అని నా మీదే లేస్తుంది. గొంతులో ఏమైనా కాసిందేమోనని నాకు దిగులుగా ఉంది. మదనపల్లెలో మంచి గొంతు డాక్టరున్నాడట. నీ బడి వాళ్లకెవరికైనా తెలిస్తే కనుక్కో.

దేవరాజులు

*

కుప్పం
14-3-2025

చిన్నాయనా,

నిశ్చితార్థం బాగా జరిగింది. బాడుగ పెట్టెలే తెచ్చాం. వాటి మోతకు మా పక్కింటి గేదె ఆ పూట పాలివ్వలేదట, ఆ ఇంటామె ఇంకా మాతో మాట్లాడటం లేదు. నీ పెట్టెలు కింద గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాయి. ఎర్ర చుక్క ఇంతవరకు ఎవరూ దాటలేదు. చేతన్ తుడిచేటప్పుడు కూడా నాబ్ కదపడు.

చిన్నమ్మతో నిన్న ఫోనులో మాట్లాడాను. గొంతు నాకు బాగానే అనిపించింది చిన్నాయనా. గంటలా ఉంది. అయినా చూపిస్తే తప్పులేదు. గొంతు చూసే డాక్టర్లే చెవి కూడా చూస్తారు, ఎటూ వెళ్తున్నావు గనుక నువ్వు కూడా ఒకసారి చూపించుకోరాదా.

ఇరవైమూడుకు ఎదురుచూస్తాం. రాగి సంగటి, ఊరుబిండి చేసిపెడతాను.

ప్రియ

*

పుంగనూరు
26-3-2025

లక్ష్మీప్రియకు,

బస్సు దిగినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. నీ ఇంట్లో చెయ్యి కడిగిన మూడో రోజున ఇట్లా రాయాల్సి వస్తుందనుకోలేదు.

పెట్టెలు రెండూ పోయాయి. నేను వచ్చి పాట పెట్టిన నిమిషంలోనే తెలిసింది. గొంతుంది, మృదంగం ఉంది, పైన ఏమీ లేదు. తాళాలు లేవు. ‘స’ లేదు. ఫ్యూజులు తెగి ఉంటాయని రెండూ పీకి జేబులో వేసుకుని, వాటి చోట రాగి తీగ చుట్టి చూశాను. అయినా లేదు. పెంచి చూశాను. ఇంకా పెంచి చూశాను. లేదు. అంటే ట్వీటర్లు ఎప్పుడో మాడిపోయాయి.

మిద్దె మీదికి బాడుగ పెట్టెలు తెచ్చామని రాశావు. నమ్మాను. నేను వెనక్కి తిరిగేసరికి నువ్వూ అల్లుడూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. నీ ముఖం పాలిపోయి ఉంది. తప్పు చేసినవాళ్ల ముఖం నాకు తెలియదా? చెవి గురించి నాకు సలహా రాసినదానివి, నీ చెవి ఏం చేస్తోంది అప్పుడు?

వస్తువు పోయిందని కాదమ్మా. మైదానం కొసన నిలబడి అబద్ధం చెప్పకుండా చెయ్యెత్తిన పిల్లవు నువ్వు. నీ చెయ్యి మీద నమ్మకంతో వేలమంది ముందు నాబ్ తిప్పాను.

వెంకటముని శనివారం వస్తాడు. పెట్టెలు ఎక్కించి పంపు.

దేవరాజులు

*

కుప్పం
29-3-2025

చిన్నాయనకు,

పెట్టెలు వెంకటముని చేత పంపిస్తున్నాను. జాలీలకు అట్ట కట్టాను.

మీరు అన్నది నిజమే. నిశ్చితార్థం రోజు అవే పైకెక్కించాం. అందరూ పెంచమంటే పెంచాం. ఎంతవరకు పెంచామో గుర్తులేదు. మీకు చెప్పడానికి భయపడి బాడుగ పెట్టెలని రాశాను. తప్పు నాదే, చేతన్‌ది కాదు. క్షమించండి.

మిమ్మల్ని ఒకటే వేడుకుంటున్నాను. చిన్నమ్మను మదనపల్లె తీసుకెళ్లడం మానొద్దు. మీరు కూడా లోపలికి వెళ్లండి, బయట బెంచీ మీద కూర్చోవద్దు.

లక్ష్మీప్రియ

*

పుంగనూరు
18-4-2025

ప్రియా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు కావస్తోంది. కోపం చల్లారేదాకా రాయకూడదనుకున్నాను. ఒప్పుకున్నావు, అది చాలు. ‘మీరు’ అని రాశావు, అది మాత్రం మింగుడుపడలేదు. పుట్టినప్పటి నుంచి నన్ను నువ్వు అనే పిలిచావు.

పెట్టెలు విప్పాను. రెండు ట్వీటర్లలోని తీగచుట్టలూ మాడి బొగ్గయ్యాయి. మొన్న మీ చిన్నమ్మను మదనపల్లె తీసుకెళ్లి, దారిలో కొత్తవి రెండు కొన్నాను. డాక్టరు ఆమె గొంతులో లైటు వేసి చూశాడు. ఏమీ లేదట. తర్వాత నా వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆయన కూడా గొణిగేవాడే. మీ చిన్నమ్మ ‘నిన్నే అడగతాండాడు, పోయి కూసో ఆ గదిలో’ అంది. నాకెందుకని లేచి వచ్చేశాను. ఊరికి చెవి నేను, నాకు పరీక్షా.

కొత్త ట్వీటర్లు రేపు బిగిస్తాను.

20-4-2025

ఉత్తరం పోస్టు చేయలేదు. మిగిలింది ఇప్పుడు రాస్తున్నాను.

నిన్న పొద్దున మీ చిన్నమ్మ మూలన పడి ఉన్న నా తెల్లచొక్కా ఉతకబోయి, కుప్పం వచ్చినప్పుడు వేసుకున్నది అది, జేబులోంచి రెండు గాజు ఫ్యూజులు తీసి నా ముందు పెట్టింది. ‘పారేసేవా, దాచేవా?’ అని అడిగింది. పారేయమనబోతూ, అలవాటు కొద్దీ మీటరు పుల్లలు తాకించాను. ముల్లు ఒక్కసారిగా అటు కొసకు పోయింది.

రెండోది తాకించాను. అదీ అంతే. కళ్లజోడు పెట్టుకుని వెలుతురుకు పెట్టి చూశాను. లోపల సన్నతీగ చెక్కుచెదరలేదు. ఆ రోజు నీ ఇంట్లో ఒక్కసారి వెలుతురుకు పెట్టి చూసుంటే సరిపోయేది. చెవి చెప్పింది కదా, కన్నెందుకు అనుకున్నాను.

ఫ్యూజు తెగకుండా ట్వీటరు మాడదు. నేనే వేసినవి, నేనే లెక్కగట్టి వేసినవి. తెగలేదంటే నేను వాటిని పీకేవరకు ట్వీటర్లు బతికే ఉన్నాయి. తీగ చుట్టి పెంచిన తర్వాతే మాడాయి. పెంచింది నేను. కంచే చేను మేసింది.

మరి బతికున్న ట్వీటరు నాకెందుకు వినబడలేదు? ఈ ప్రశ్న దగ్గర నిన్న పొద్దుటినుంచి కూర్చునే ఉన్నాను. అన్నం తిన్నానో లేదో మీ చిన్నమ్మనడగాలి.

నువ్వు చేయని తప్పు ఎందుకు ఒప్పుకున్నావు? ఆ రోజు ఆ గదిలో ఏం జరిగిందో దాచకుండా రాయి. నేను తట్టుకుంటాను. తట్టుకోకపోయినా రాయి.

చిన్నాయన

*

కుప్పం
26-4-2025

చిన్నాయనా,

నీ ఉత్తరం బడి చివరి రోజు వచ్చింది. స్టాఫ్ రూములో చదివి ఏడ్చాను. నారాయణప్ప సారు ట్రాన్స్‌ఫరేమో అనుకుని ఓదార్చాడు.

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. నువ్వు పాట పెట్టినప్పుడు పెట్టెలు ఎప్పటిలాగే పాడాయి. తాళాలు ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. నువ్వు ‘లేదు, పైన ఏమీ లేదు’ అన్నావు. మొదట తమాషా చేస్తున్నావనుకున్నాను. ఫ్యూజులు తీసి తీగ చుట్టావు. నాబ్ ఎర్ర చుక్క దాటింది. శబ్దం చిరిగిపోయింది చిన్నాయనా, రేకు మీద మేకు గీసినట్టు. చేతన్ చెవులు మూసుకున్నాడు. నువ్వు పెట్టె దగ్గరకు తల వంచి ఇంకా పెంచుతున్నావు. ‘చాలు’ అని అరిచాను. నీకు వినబడలేదు. రెండు చేతులూ ఎత్తాను. మైదానంలో ఎత్తినట్టే ఎత్తాను. నువ్వు అటు తిరిగి ఉన్నావు.

తర్వాత కమురు వాసన వచ్చింది, ‘చూడు, ఎప్పుడో మాడిపోయాయి’ అన్నావు. నువ్వు వెనక్కి తిరిగేసరికి నా చేతులు దించుకున్నాను.

నీ కళ్లలోకి చూసి, పెట్టెలు కాదు చిన్నాయనా, నీ చెవులు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నీకు ఏమున్నా లేకున్నా ఆ చెవి ఉందని బతికిన మనిషివి. పెట్టెలు నేను చెడగొట్టానంటే నీకు నా మీద కోపం వస్తుంది, కొన్నాళ్లకు పోతుంది. రెండోది చెబితే ఏం పోతుందో నాకు తెలియలేదు. అందుకే ఆ ఉత్తరం. ‘నువ్వు’ అని రాస్తూ అబద్ధం చెప్పలేకపోయాను, ‘మీరు’ అని రాసి చెప్పాను.

ఇప్పుడు తెలుస్తోంది, అది ప్రేమ అనుకున్నాను గానీ పిరికితనం కూడా ఉంది అందులో. ఒక నెల ఆలస్యం చేశాను. కోప్పడితే దీనికి కోప్పడు.

నీ ప్రియ

*

పుంగనూరు
18-5-2025, ఆదివారం

ప్రియా, నా తల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండు రోజులు పనిముట్టు పట్టలేదు. మా ఊరి భీమరావు బాగుచేయమని ఆంప్లిఫయరు తెస్తే ఊళ్లో లేనని చెప్పించాను. మూడో రోజు మీ చిన్నమ్మ సంచి సర్ది, ‘మదనపల్లెకు బస్సు ఉండాది, లెయ్యి’ అంది. లేచాను.

ఈసారి గదిలో కూర్చున్నాను. తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడితే చెయ్యెత్తమన్నారు. చెయ్యెత్తమనగానే నువ్వు గుర్తొచ్చావు. మొదట ఎత్తుతూనే ఉన్నాను. తర్వాత చాలాసేపు ఎత్తలేదు. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి మీటలు నొక్కుతూనే ఉంది, మీ చిన్నమ్మ నన్నే చూస్తూ ఉంది. నా చెయ్యి ఒళ్లోనే ఉంది.

సన్నటి శబ్దాలన్నీ పోయాయట. నలభై ఏళ్లు హారన్ల పక్కన నిలబడినందుకు. ఒక్కరోజులో పోలేదు, కొంచెం కొంచెంగా పోయాయి, అందుకే పెట్టెల మీద నెపం వేస్తూ వచ్చాను. ఫోను మీద వేశాను, రత్న గొంతు మీద వేశాను, చివరికి నీ మీద వేశాను. పోయినవి తిరిగి రావు. ఉన్నవాటికి సాయంగా చెవికి మిషను పెట్టారు. మొదట తక్కువలోనే పెట్టారు, మెల్లగా పెంచుకుంటూ పోవాలట. పెంచి చెడగొట్టొద్దని నేను నీకు రాసిన మాటే నాకు చెప్పారు.

బస్సులో మీ చిన్నమ్మ ఒక్క మాట అంది. ‘అన్ని పెట్టెలకీ ఫ్యూజు ఏసినావు, నీ సెవులకి ఒకటి ఏసుకోలేదే.’ గొణగలేదు. స్పష్టంగా వినబడింది. వినబడకుంటే బాగుండేదనిపించింది, నవ్వొచ్చింది కూడా.

నీ మీద నాకు కోపం లేదు. ఆలస్యం చేశానన్నావు. నేను పదేళ్లు చేశాను.

కొత్త ట్వీటర్లు బిగించాను. పాత ఫ్యూజులే మళ్లీ వేశాను, వాటి తప్పేమీ లేదు. కానీ నాబ్ మీద నేను పెట్టిన ఎర్ర చుక్క గోటితో గీకేశాను. నా చెవితో పెట్టిన చుక్క అది, ఎప్పటినుంచి తప్పో నాకు తెలియదు. కొత్తది పెట్టాలి. మిషనుతో విని పెట్టే ధైర్యం నాకు లేదు. రోజా గోళ్ల రంగు సీసా అడిగి తెచ్చి ఉంచాను.

వచ్చే ఆదివారం నువ్వూ అల్లుడూ రండి. పెట్టెలు ముందుగదిలో పెట్టాను. నువ్వు గుమ్మం దగ్గర నిలబడు. నేను నాబ్ తిప్పుతాను. ఈసారి పెట్టెల వైపు తిరగను, నీ వైపే తిరిగి నిలబడతాను. నువ్వు చెయ్యెత్తిన చోట చుక్క పెడదాం.

నీ చిన్నాయన